చెమట ఆరేదాకా

బేషెన్ ఎవరి బండి ఎక్కినా ముందు బూట్లు విప్పేవాడు. ఇంటి గుమ్మం ముందు విప్పినట్టు రెండింటినీ పక్కపక్కన రోడ్డు మీద పెట్టి, మేజోళ్లు కూడా లాగేసి, వట్టికాళ్లతో ఎక్కి కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లకి నవ్వు ఆగేది కాదు. "ఏమయ్యా, ఇది బండా, మీ అత్తగారిల్లా?" అని ఒకాయన అడిగాడు. "అత్తగారింట్లో నోరు మూసుకుని చెవులతో వింటే చాలు. ఇక్కడ కాళ్లతో వినాలి" అన్నాడు బేషెన్.

అతని పరీక్షంతా ఒక కిలోమీటరులో అయిపోయేది. అరికాళ్లు బండి నేలకి ఆనించి, కళ్లు సగం మూసుకుని, "అరవైకి పో" అనేవాడు. బండి అరవై అందుకున్నాక, "ఇప్పుడు బ్రేకు మీద కాలు పెట్టు. తొక్కమన్లేదు, పెట్టమన్నా" అనేవాడు. వణుకు డ్రైవరు చేతుల్లోకి వస్తే వంకరపోయింది ముందు చక్రాల బ్రేకు డిస్కులు. చేతులు బాగానే ఉండి సీటూ, అరికాళ్లూ జిల్లుమంటే వెనకవి. బ్రేకు ముట్టుకోకపోయినా వణుకుతోందంటే, "ఇది నా దగ్గరికి వచ్చే రోగం కాదు, టైర్ల వాడి దగ్గరికి పో" అని దిగి బూట్లు తొడుక్కునేవాడు. అలా దిగిపోయిన రోజున ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు.

నా పేరు జాపార్. తోక్తోగుల్ నుంచి తో-అషూ కనుమ మీదుగా రాజధాని బిష్కెక్‌కి మనుషుల్ని చేరవేసే టాక్సీ తోలాను, ఇరవై రెండేళ్లు. కనుమ పైన సొరంగం దాటాక మా దారి బిష్కెక్ వైపుకి ఒకటే దిగుడు. మలుపు మీద మలుపు, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ దిగుడు అయిపోయేచోట ముప్పై ఇళ్ల ఊరొకటి ఉంది, బులాక్ అని. బేషెన్ షెడ్డు అక్కడే, రోడ్డుకి ఎడమ పక్క. కుడి పక్క, సరిగ్గా ఎదురుగా, అతని అక్క ఉపోల్ బండ్లు కడిగే చోటు.

ఉపోల్ అక్క చోటుకి బోర్డు లేదు. ఊటనీళ్లని కొండ మీంచి గొట్టంలో తెచ్చి, రబ్బరు పైపుని ఇనుప స్తంభానికి నిలువునా కట్టింది. నీళ్లు రెండు నిలువుల ఎత్తు లేచి పడుతుండేవి. మంచు గడ్డకట్టే నెలల్లో తప్ప ఆ ధార ఆగేది కాదు. చివరి మలుపు తిరగ్గానే అది కనబడేది. కనబడగానే డ్రైవర్లందరికీ ప్రాణం లేచొచ్చేది. నాకూ అంతే.

మట్టి కొట్టుకున్న బండితో రాజధానిలోకి పోతే పోలీసులు ఆపుతారు, కాబట్టి కడుక్కోవాలి. అది మేం చెప్పుకునే కారణం. అసలు సంగతి వేరు. అంత దిగుడూ బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగివచ్చేసరికి చక్రాల్లోంచి మాడు వాసన, సన్నటి పొగ. బండి దిగగానే స్తంభం పక్కనున్న ఇంకో పైపు లాక్కుని ముందు చక్రాలకి పోసేవాళ్లం. స్‌స్‌మని ఆవిరి లేచేది. ఆ చప్పుడు మాకు భలే ఇష్టం. 'చక్రాలకి నీళ్లు తాగించడం' అనేవాళ్లం దాన్ని. మా నాన్నలు లారీలతో దిగి ఇలాగే తాగించారు. ఆ లారీల బ్రేకు డ్రమ్ములు రోలంత మందం, వాటికి చెల్లింది. మేం తోలేవి జపాను నుంచి వచ్చిన పాత బండ్లు, డిస్కులు అప్పడాల్లా ఉంటాయి. ఆ తేడా మాలో ఒక్కడి బుర్రకీ తట్టలేదు. నా బుర్రకి అసలే తట్టలేదు.

బేషెన్‌కి పదకొండో ఏట తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. ఉపోల్‌కి అప్పుడు పదిహేడు. చదువు ఇంకొక్క ఏడు ఉందనగా మానేసి, సామూహిక వ్యవసాయ క్షేత్రం పశువుల కొట్టంలో పాలు పితకడానికి చేరింది. తెల్లారేసరికి ఊట దగ్గర్నుంచి రెండు బకెట్ల నీళ్లు మోసుకొచ్చి, తమ్ముడికి రొట్టె కట్టిచ్చి పోయేది. తమ్ముడూ ఊరుకోలేదు. బడి వదలగానే క్షేత్రం మరమ్మతు షెడ్డుకి పోయి ట్రాక్టర్ల నట్లు కడిగేవాడు. పద్నాలుగో ఏటికి వాడి చేతిలో పని చూసి పెద్ద మెకానిక్కులే వాణ్ణి సలహా అడిగేవాళ్లు.

తర్వాత పాత దేశం విడిపోయి మాది కొత్త దేశమైంది, క్షేత్రం మూతపడింది. ఆవుల్ని ఒకడు, కిటికీల్ని ఒకడు, ఆఖరికి గోడల ఇటుకల్ని కూడా ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. మరమ్మతు షెడ్డులో ఇనుము చెక్కే పెద్ద లేత్ మిషనొకటి మిగిలింది. దాన్ని అట్టిపెట్టుకున్న మనిషి ఊరికే ఇవ్వనన్నాడు. ఉపోల్‌కి ఒక గోధుమరంగు ఆడగుర్రం ఉండేది, తల్లి ఇచ్చి పోయింది. దాన్ని తోలిచ్చి లేత్ మిషను తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. "గుర్రాన్నిచ్చి ఇనుప గాడిదని తెచ్చుకుంది" అని బులాక్ అంతా నవ్వింది. ఆ గాడిద మీదే బేషెన్ ఇరవై ఏళ్లు డిస్కులు సాపు చేశాడు.

ఉపోల్ పెళ్లి చేసుకుని సూసామిర్ పచ్చిక బయళ్ల వైపు వెళ్లింది, మొగుడు పోయాక తిరిగొచ్చింది. పిల్లల్లేరు. బండ్లు కడిగే చోటు పెడతానంటే బేషెనే కాలవ తవ్వి గొట్టం వేశాడు. ఆ ఇనుప స్తంభాన్ని అతికించింది కూడా వాడే. ఇది గుర్తుంచుకోవాలి.

ఇక నా బండి సంగతి. ఆ ఏడు జూన్‌లో, బ్రేకు మీద కాలు పెడితే స్టీరింగు చేతుల్లో కొట్టుకోవడం మొదలైంది. నగరంలో ముగ్గురికి చూపించాను. ఒకడు చక్రాలకి సీసం ముక్కలు అంటించి బ్యాలెన్సింగ్ చేశాడు. ఇంకొకడు కింద ఏదో రాడ్డు మార్చాడు. మూడోవాడు టైర్లు మార్చమని, అవి తన తోడల్లుడి దగ్గర దొరుకుతాయని చెప్పాడు. బండి మాత్రం వణుకుతూనే ఉంది. చివరికి బేషెన్ బూట్లు విప్పి ఎక్కాడు. కిలోమీటరు కూడా పోనివ్వలేదు.

"ముందువి రెండూ. కుడిది ఎక్కువ" అన్నాడు.

జాకీ ఎత్తి చక్రం విప్పి, గడియారంలాంటి కొలత పరికరం ఒకటి తెచ్చి దాని మొనని డిస్కుకి ఆనించాడు. వెంట్రుకలో సగం తేడా ఉన్నా దాని ముల్లు కదుల్తుంది. డిస్కుని మెల్లిగా తిప్పితే ముల్లు వెళ్లింది, వచ్చింది, వెళ్లింది. డిస్కు మీద అక్కడక్కడ నీలం మచ్చలు. వాటిని బొటనవేలితో రుద్ది చూసి, "దిగి ఎక్కడ ఆగావన్నా?" అని మాత్రం అడిగాడు.

డిస్కులు లేత్ మిషనుకెక్కించి రెండు వైపులా పలచగా చెక్కాడు. బిగించే ముందు, డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పుని ఇనుప బ్రష్షుతో అరగంట గీకాడు. "అది కనబడదు కదా, వదిలెయ్" అన్నాను. "కొత్త చొక్కా వేసుకునే ముందు నువ్వు ఒళ్లు కడుక్కోవా అన్నా? కింద ఇంత తుప్పు పలుకుంటే పైన డిస్కు వంకరగా కూర్చుంటుంది. చెక్కిందంతా వృథా" అన్నాడు. నట్లు కూడా వరసగా బిగించలేదు. ఒకటి బిగించి, దాని ఎదురుది బిగించి, మళ్లీ పక్కది, అన్నీ ఒకే బిగువుకి తెచ్చాడు. బండి తోలి చూశాను. స్టీరింగు మీద వేలు పెట్టి ఆపినా ఉలుకూ పలుకూ లేదు. ఆవేళ ఇంటికి పోతూ నేను పాట పాడాను, నా గొంతుకి ప్రయాణికులు ఏమనుకున్నారో మరి.

జూలై ఆఖరుకి మళ్లీ వణుకు. మళ్లీ చేశాడు. ఆగస్టు చివరికి మళ్లీ. మూడోసారి అది మొదలైంది కనుమ మీదే. దిగుడులో ఆఖరి మలుపుకి ముందు ఎండుగడ్డి లారీ ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. బ్రేకు తొక్కగానే స్టీరింగు నా చేతుల్ని విదిలించి కొట్టింది, పెడలు అరికాలిని తన్నింది. వెనక సీట్లో ఏడో నెల అమ్మాయి ఉంది, ఆమె అత్త ఉంది. బండి గడ్డికి జానెడు దూరంలో ఆగింది. అత్త ఏదో ప్రార్థన గొణుక్కుంది. భయపడ్డాను, దాచుకోవడం దేనికి.

భయం కిందికి దిగేసరికి కోపమైంది. ఆ కోపంతో ఏం చేశాను? ఎప్పట్లాగే ఉపోల్ అక్క దగ్గర ఆపి, పైపు తీసుకుని, పొగలు కక్కుతున్న చక్రాలకి కడుపునిండా నీళ్లు తాగించాను. ఆవిరి పోయాక రోడ్డు దాటి బేషెన్‌ని తిట్టడానికి వెళ్లాను.

"ఏం పని చేస్తున్నావ్రా నువ్వు? రెండు నెలలు నిలవదా నీ పని? వెనక గర్భిణి మనిషి ఉంది తెలుసా!"

బేషెన్ తుడుచుకుంటున్న చేతుల్ని ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. "దిగి ఎక్కడ ఆగావన్నా?" అన్నాడు.

"ఎక్కడ ఆగుతాం? మీ అక్క దగ్గరే. ప్రతిసారీ అదే అడుగుతావేంటి?"

వాడు రోడ్డుకి అవతల ధార వైపు చూశాడు. "తప్పు నాదే. బండి వదిలి వెళ్లు. మళ్లీ చేస్తా, ఏం ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

వాడు ఒప్పేసుకోవడంతో నా కోపం ఇంకా పెరిగింది. తప్పు వాడిదే అనుకున్నాను. నేనొక్కణ్ణే కాదు, దారంతా అదే మాట. బేషెన్ చెయ్యి పోయిందన్నారు. కళ్లు పోయాయన్నారు. తాగుతున్నాడని మూసాకన్ అనే డ్రైవరు ప్రచారం చేశాడు. మూసాకన్‌కి ఒక సంగతి తెలియాలంటే అది జరగాల్సిన పనిలేదు. చాలామంది బండ్లని కింద కారా-బల్తాలో కొత్తగా పెట్టిన షెడ్డుకి తోలుకుపోసాగారు. బేషెన్ మాత్రం వచ్చిన బండినల్లా ఊరికే బాగుచేసి పంపించాడు.

ఆ మూడోసారి బండి వదిలేసి, వెనక సీటువాళ్లని ఇంకో టాక్సీ ఎక్కించి, నేను టీకొట్టుకి పోయాను. నూనెలో వేయించిన బోర్‌సోక్ ముక్కలు రెండు తిని, ఎండబెట్టిన పెరుగు ఉండ, కురుత్, ఒకటి బుగ్గన పెట్టుకుని, తోచక వెనక్కి వచ్చాను. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గ్యాసు మంట చప్పుడు. తలుపు తోశాను.

బేషెన్ పాత డిస్కొకదాన్ని బల్ల మీద ఇరుసుకి బిగించి, గ్యాసు మంటతో కాలుస్తున్నాడు. మాడు వాసన, మా చక్రాల వాసనే. మంట ఆర్పి, కొలత పరికరం ఆనించి, పటకారుతో డిస్కుని ఒక చుట్టు తిప్పాడు. ముల్లు దాదాపు కదల్లేదు. అప్పుడు పక్కన బకెట్టులోంచి చెంబుడు నీళ్లు తీసి డిస్కు మీద పోశాడు. స్‌స్‌మంది. మళ్లీ తిప్పాడు. ముల్లు వెళ్లింది, వచ్చింది, వెళ్లింది.

గోడ మీద ఇంకో మూడు డిస్కులు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద సుద్దముక్కతో తేదీ.

"ఆ బకెట్టులో నీళ్లు ఎక్కడివి?" అన్నాను.

బేషెన్ ఉలిక్కిపడ్డాడు. నన్ను చూసి చెంబు కింద పెట్టాడు. "అన్నా, నువ్వు ఇది చూళ్లేదు."

"ఏం చూళ్లేదు?"

"ఇదే."

నేను బుగ్గలోని కురుత్ ఉమ్మేసి కూర్చున్నాను. వాడూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ తాత గుర్రం మీద కనుమ దాటి వచ్చేవాడు కదా. వచ్చి గుర్రానికి వెంటనే నీళ్లు పెట్టేవాడా?" అన్నాడు.

"పిచ్చా నీకు? చెమట మీదున్న గుర్రానికి నీళ్లు పెడితే కాళ్లు పట్టేస్తాయి. తాడుకి కట్టి, చెమట ఆరాక పెడతారు. పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసది."

"మరి మీరేం చేస్తున్నారు?"

అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక సిగ్గనిపించింది. గుర్రాల మీద పుట్టి పెరిగినవాళ్ల మనవలం మేము, ఏళ్ల తరబడి చెమట మీదున్న బండికి మంచునీళ్లు పోస్తున్నాం, పైగా ఆ చప్పుడు బాగుందని మురిసిపోతున్నాం.

"ఎర్రగా కాలినదాని మీద ఒకచోట చల్లగా పడుతుంది, ఒకచోట పడదు. వంకర తిరక్కేం చేస్తుంది?" అన్నాడు బేషెన్. "నగరం బండ్లకి ఈ రోగం రాదు. అటునుంచి ఎక్కేవాటికి రాదు. ఇటు దిగి ఇక్కడ ఆగేవాటికే వస్తోంది. దిగేటప్పుడు చిన్న గేరులో దిగి, బ్రేకుని తొక్కిపట్టకుండా వదుల్తూ దిగితే సగం వేడి ఉండదు. మిగతా సగానికి ఊరికే నిలబడితే చాలు."

"మరి నోరు విప్పి చెప్పొచ్చు కదరా!"

"చెప్తే?" వాడు తలుపు సందులోంచి ధార వైపు చూపించాడు. "పోలీసుల కోసం కడుక్కోవాలంటే కింద మూడు చోట్లున్నాయి. ఇక్కడ ఆగేది పొగ ఆర్పుకోవడానికి. అది తప్పని నా నోటితో నేను చెప్తే అక్క దగ్గర ఎవడు ఆగుతాడు? ఆ నీళ్లు తప్ప ఇంకేం ఉంది అక్కకి?"

"పైన మా ప్రాణాలో?"

"అందుకే కదన్నా ప్రతిసారీ ఊరికే చేసిస్తున్నా."

"లారీ కిందికి దూరాక కూడా ఊరికే చేసిస్తావా?"

వాడు గ్యాసు గొట్టాన్ని చుట్టి పక్కన పెట్టాడు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. జాలిపడాల్సింది నేను. కోపమే వచ్చింది. మంచివాళ్లు నోరు మూసుకుని చేసే తప్పు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అక్కకి మాత్రం చెప్పకు" అన్నాడు. సరేనన్నాను.

తొమ్మిది రోజులు ఉగ్గబట్టుకున్నాను. నా చక్రాలకి నీళ్లు పోయడం మానేసి, చక్రాలు చల్లగానే ఉన్నాయిలే అని అక్కతో అబద్ధాలాడాను. పదో రోజున ఉపోల్ అక్క దగ్గర ఆరేడు బండ్లున్నాయి. మూసాకన్ బానెట్టుకి ఆనుకుని అందరికీ వినబడేలా అన్నాడు:

"ఉపోల్ అక్కా, మీ తమ్ముడికి కళ్లజోడు కొనివ్వరాదూ? డిస్కు అనుకుని రొట్టెని చెక్కుతున్నట్టున్నాడు!"

అక్క చేతిలో పైపుంది. దాన్ని మూసాకన్ మొహం మీదికి తిప్పింది. వాడి కల్పాక్ టోపీ ఎగిరిపోయి గుంటలో పడింది.

"నా తమ్ముడి చేతులకి వంక పెడతావురా? నీ బండి తాళం ఎటు తిప్పాలో నీకు తెలీని రోజుల్లో వాడు ట్రాక్టరు విప్పి బిగించాడు!"

అందరూ పగలబడి నవ్వారు. మూసాకన్ కూడా తడిసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత నమ్మకంగా ఆ మనిషి తమ్ముడి కోసం పోట్లాడుతుంటే, ఆమె చేతిలోని ఆ పైపుని చూస్తూ నిలబడటం నావల్ల కాలేదు.

"అక్కా" అన్నాను, "వాడి చేతుల్లో లోపం లేదు. నీ నీళ్లలో ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. ఇంక దాచి లాభం లేదు కాబట్టి మొత్తం చెప్పేశాను: గుర్రం సంగతి, గోడకి వేలాడే డిస్కులు, సుద్దముక్క తేదీలు. పైపులో నీళ్లు ఆమె బూట్ల మీదే పడుతున్నాయి, చూసుకోలేదు. నేను చెప్పడం అయ్యాక పైపు వదిలేసి రోడ్డు దాటింది. నిప్పు పెట్టినవాణ్ణి నేనే కాబట్టి నేనూ వెనకే వెళ్లాను.

బేషెన్ ఒక బండి కింద ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"బయటికి రా."

వచ్చాడు. అక్క మొహం చూశాడు, వెనక నా మొహం చూశాడు. నేను లేత్ మిషను వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఖాయంగా తెలీదక్కా..."

"నాలుగు డిస్కులు మాడబెట్టావంట. ఎప్పట్నుంచి?"

"మే నెల."

"మే నెల." ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. "నాలుగు నెలలు. నీ చెయ్యి పోయిందని ఊరూ వాడా అంటుంటే నేను రోడ్డుకి అవతల నిలబడి, ఆ అన్నవాళ్ల చక్రాలే కడిగాను. ఒక్క కేక వేస్తే వినబడే దూరంరా. నన్ను అంత పరాయిదాన్ని చేశావేంట్రా?"

"నువ్వు నా కోసం గుర్రాన్ని ఇచ్చేశావు కదక్కా" అన్నాడు బేషెన్. నలభై దాటిన మనిషి, గడ్డంలో తెల్ల వెంట్రుకలున్న మనిషి, ఆ మాట అన్నప్పుడు తల ఎత్తలేకపోయాడు.

"నీ నోరు మూయించడానికిచ్చానా గుర్రాన్ని?"

పట్టుకున్న తడి చేతితొడుగుతో వాడి భుజం మీద ఒక్కటి వేసింది. రెండోది వెయ్యబోయి ఆపింది. అక్కడే లేత్ మిషను పక్కన పీట మీద కూలబడి ఏడ్చింది. నేను బయటికొచ్చేశాను. ఆడది ఏడుస్తుంటే చూసినవాణ్ణే, కానీ ఆ ఏడుపుకి కారణం నా నోరు.

ఆ సాయంత్రం ఉపోల్ అక్క గొట్టం కట్టేసింది. అక్క ఆ చోటు పెట్టిన తొమ్మిదేళ్లలో మొదటిసారి చలికాలం రాకుండానే ఆ ధార ఆగింది. చివరి మలుపు తిరిగిన డ్రైవర్లు ధార కనబడక ఊరు దాటిపోయి, ఆ తర్వాత తెలిసి వెనక్కి తిరిగొచ్చారు. రెండు రోజులు అలాగే ఉంది. రెండు రోజులూ నేను బులాక్‌లో ఆగలేదు, మొహం చెల్లక.

మూడో రోజున ధార మళ్లీ లేచింది. కానీ దానికి ఇవతల కొత్తగా రెండు గుంజలు, వాటి మధ్య అడ్డంగా మనిషి ఛాతీ ఎత్తున ఒక తాడు. అది ఏ తాడో మావాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. పచ్చిక బయళ్లలో ప్రతి గుడారం ముందూ ఉంటుంది, వచ్చినవాళ్ల గుర్రాల్ని కట్టేయడానికి. గుంజలు పాతింది బేషెన్.

బండి వచ్చి తాడు ముందు ఆగాలి. ఉపోల్ అక్క వస్తుంది. తొడుగు తీసి, ఒట్టి అరచేతిని చక్రానికి బెత్తెడు దూరంలో పెడుతుంది, గుర్రం రొమ్ము దగ్గర పెట్టి చూసినట్టు. "చెమట ఆరలేదు. కూర్చో" అంటుంది. అంతే. బతిమాలినా, అరిచినా తాడు విప్పదు. ఎవడైనా మరీ గొంతు పెంచితే, "మీ తాత పేరేంటి? ఆయన పరిగెత్తించిన గుర్రానికి దిగగానే నీళ్లు పెట్టేవాడా? పెట్టేవాడంటే చెప్పు, తాడు తీస్తా" అంటుంది. మా దారిలో ఆ ప్రశ్నకి అవునని చెప్పి తాత పరువు తీసే మొగవాడు లేడు. కాబట్టి తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు కూర్చున్నారు, తిట్టుకుంటూ కిందికి పోయేవాళ్లు పోయారు.

పోయినవాళ్లే ఎక్కువ. ముసలిదానికి మతిపోయిందని మూసాకన్ కారా-బల్తా దాకా చాటాడు. నెల తిరిగేసరికి అక్క దగ్గర ఆగే బండ్లు సగానికి పడిపోయాయి. ఆగినవాళ్లకి రెండు గిన్నెల టీ తాగేంత సేపు కూర్చోవడం అలవాటైంది. ఆ కూర్చున్నవాళ్లెవరికీ మళ్లీ స్టీరింగు కొట్టుకోలేదు, నాతో సహా. అంటే బేషెన్‌కీ పని తగ్గింది. "అక్కాతమ్ముళ్లు కలిసి మీ పొట్ట మీరే కొట్టుకున్నారు కదరా" అన్నాను ఒకరోజు. "ఏదో ఒకటి వస్తుందిలే అన్నా, క్లచ్చులు కూడా అరుగుతాయి" అన్నాడు. వాడు నా మీద కోపం పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

చలికాలం వెళ్లాక మూసాకన్ బండి బులాక్‌లో ఆగింది. దిగిన మనిషికి మాట్లాడే ధోరణి లేదు. బేషెన్ బూట్లు విప్పి ఎక్కాడు, వాళ్లు కిలోమీటరు పోయి వచ్చారు.

"ముందువి రెండూ" అన్నాడు బేషెన్. "దిగి ఎక్కడ ఆగావు?"

"కింద" అన్నాడు మూసాకన్.

"తాగించావా?"

మూసాకన్ టోపీ సర్దుకున్నాడు. బేషెన్ జాకీ తెచ్చాడు. మరుసటి వారం మూసాకన్ బండి తాడు ముందు ఉంది. కూర్చున్నంతసేపూ సణిగాడు, కానీ కూర్చున్నాడు.

ఆ తర్వాతి వేసవి, ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం. నా బండి నిండా పెళ్లివాళ్లు, వియ్యంకుడికి పెట్టుబడి బట్టల మూటలతో. ఆలస్యమైపోతోందని కనుమ పైనుంచీ నా ప్రాణం తీస్తున్నారు. తాడు ముందు ఆపాను. ఉపోల్ అక్క అరచెయ్యి పెట్టి చూసింది.

"ఆరలేదు. కూర్చో."

పెళ్లివాళ్లు గొణుక్కుంటూ దిగారు. నేను సీట్లోంచి లేవబోతూ రోడ్డు అవతలికి చూశాను. షెడ్డు ముందు పోప్లర్ చెట్టు నీడలో చెక్కబల్ల మీద బేషెన్ వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. చేతులు రెండూ పక్కలకి జారి ఉన్నాయి. బల్ల కింద బూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఇరవై ఏళ్లకి పైగా ఆ దారిన పోతున్నాను, పట్టపగలు వాడి చేతులు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆటపట్టిద్దామనిపించి హారన్ మీద చెయ్యి వేశాను.

ఉపోల్ అక్క కిటికీలోంచి నా మణికట్టు పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా, గరుకుగా ఉంది.

"కొట్టకు" అంది. "పదకొండో ఏట పనిలోకి దిగాడు. వాడికీ కాస్త చెమట ఆరనీ."

నేను చెయ్యి తీసేసి, చప్పుడు కాకుండా తలుపు వేసి, వెళ్లి పెళ్లివాళ్ల పక్కన కూర్చున్నాను.